పాలు బంద్ పెట్టిన రోజు

"నాయినమ్మా, డెకరేషన్ ఆయన ఫోన్ ఎత్తుతలేడు. ఎంగేజ్‌మెంట్‌కు రానే రాకపాయె, అడ్వాన్స్ వాపసియ్యమంటె రేపు మాపు అన్నడు. తమ్ముడు రాకేష్ దోస్తులను తీస్కొని ఆయన దుకాణానికి పోతనంటుండు. మీ కాలంల గిట్లయితే ఏం చేసేటోళ్లు?"

ఏందీ, దోస్తులను తీస్కొనా? ఎందరిని? జర ఆగుమను వాన్ని. నువ్వు గిట్ల కూసో. నేను చెప్పేది ఇను ముందుగాల.

మీ మేనత్త పెండ్లికి గిట్లనే అయింది. పెద్దామె కాదు, చిన్నామె, సరళ. అప్పుడు మనకు గీ గౌలిపురలనే బర్లుండె. ఇప్పుడు మీ తమ్ముడు బండి పెడ్తడు సూడు, గా జాగలనే కొట్టం. పాలు లీటరు పన్నెండుండె... కాదు, దాణా పిరమైనంక పదమూడు చేసినం.

మన వెనుక గల్లీల జహీర్ అని షామియానా ఆయన. షామియానా, కుర్చీలు, వంటకు రాగి డేగిశలు, గంత పెద్దయి, నువ్వు అండ్ల కూసుంటె కనపడవు. వాళ్లింటికి పాలు మనమే పోస్తుంటిమి, మా అత్త కాలం సంది. మీ తాత ఏం చేసిండంటే, బయానా, గదే అడ్వాన్స్, సగమే నగదు ఇచ్చిండు. తక్కింది "పాల కింద కొట్టేసుకుందాం భాయ్" అన్నడు. ఆయన "అచ్ఛా అన్నా" అన్నడు. గంతే. చలికాలమంత వాళ్లింటికి పాలు పోసినం, ఒక్క పైస తీస్కోలే. పాలు పోసే ఇంట్ల రసీదు అడుగుతరా, నువ్వే చెప్పు? నాకైతే అడగాలన్న ఆలోచనే రాలే.

పెండ్లి పొద్దున షామియానా రాలే. డేగిశలు రాలే. దుకాణానికి తాళం. గదే ముహూర్తానికి అఫ్జల్‌గంజ్ దిక్కు ఎవరో షావుకారింట్ల పెండ్లుండె, సామానంత గాడికి పోయిందని తర్వాత తెలిసింది. కొట్టం మీద కప్పిన తాడ్పత్రి పీకి వాకిట్ల కట్టినం. దాని కిందనే పుస్తె కట్టించినం. పేడ వాసనొస్తుందని పెండ్లికొడుకు మేనమామ ముక్కు మూసుకున్నడు. పోనీ, వాళ్లు మంచోళ్లే, ఏమనలే.

అటెనుక మీ తాత పైసల కోసం రోజు పోవుడు, తాళం చూసి వచ్చుడు. ఓనాడు కోపమొచ్చి, "ఇగ వాళ్లింటికి పాలు బంద్" అన్నడు. ఒక్క పూట బంద్ పెట్టినం బిడ్డా. ఒక్కటే పూట.

నీకు తెల్వది. ఈ గల్లీలల్ల పాలు ఊకె బంద్ కావు. కర్ఫ్యూల సుత గంటసేపు ఇడిస్తె మా అత్త క్యాన్ పట్టుకొని ఉరుకుతుండె. గసొంటిది ఏ కర్ఫ్యూ లేంది పాలు పోలేదంటే ఏమనుకుంటరు? పగటీలికి వెనుక గల్లీల "వాళ్లు మనకు పాలెందుకు బంద్ చేసిన్రు" అని మొదలైంది. మనకు అంట, జహీర్‌కు కాదు. ఇటు మన గల్లీ కొసకు పోరగాండ్లు జమైన్రు. అండ్ల ఒకడు నా దగ్గరికొచ్చి, "అక్కా, నువ్వు ఊ అను, తాళం పగలగొడ్తం" అన్నడు. వాన్ని నేను ఎన్నడు చూడలే. మన గల్లీ పోరడే కాదు. గప్పుడు పుట్టింది నాకు భయం. మన పైసల సంగతి అడిగెటోడే లేడు అండ్ల.

తెల్లారి మీ తాతకు చెప్పకుంట క్యాన్ పట్టుకొని పోయిన. రెండు గల్లీలోళ్లు నన్నే చూస్తున్నరు. వాళ్లింట్ల పరదా, బయటి మగోళ్లు లోపలికి పోరాదు. పాలామెను కాబట్టి నేను సీదా లోపలి వాకిట్లకు పోతుంటి. జహీర్ తల్లి, బడీ బీ అనేటోళ్లం, గిన్నె పట్టింది. పోస్తుంటే నా చెయ్యి వణికి పాలు గడప మీద పడ్డయి.

"క్యా బాలమ్మా, జ్వరమొచ్చిందా?"

"జ్వరం కాదు బీ, భయం" అన్న. అంత చెప్పిన. ఆమెకు ఏం తెల్వది. పాల పైసలు కొడుకు నెలనెల ఇస్తున్నడనే అనుకుంటుంది. గిన్నె కింద పెట్టింది. లోపలి దిక్కు మర్లి, "బాహర్ ఆ రే, బయటికి రా!" అని ఒర్లింది. వాడు ఇంట్లనే ఉండె! దుకాణానికి తాళమేసి, పరదా ఎనుక కూసున్నడు. మొఖంల నెత్తురు లేదు. "మీవాళ్లు వస్తరని ఫికరైంది భాబీ, అందుకే ఎల్లలే" అన్నడు. నేను వాళ్లకు భయపడుకుంట పోతి, వాడు నన్ను చూసి వణుకుతుండు.

పైసలు ఖర్చయినయన్నడు. ముసలామె ఇనలే. "డేగిశలు బాలమ్మ ఇంట్ల పెట్టు. కొన్ని పైసలు ఇచ్చినప్పుడల్ల ఒకటి తెచ్చుకో" అన్నది. పట్టపగలు బండి మీద డేగిశలొచ్చి మన వాకిట్ల దిగినయి. జహీరే దించిండు. మీ తాత చూసి, ఒక దిక్కు పట్టిండు. ఏందని అడిగినోళ్లకు, "దుకాణంల జాగ లేదంట, మా కొట్టంల పెట్టుకుంటుండు" అన్న. మళ్ల పాలు పోతున్నయి, ఇద్దరు కల్సి సామాను మోస్తుండ్రు, ఇగ లొల్లి ఏడికెళ్లి పెడ్తరు? ఎటోళ్లటు పోయిన్రు. వానకాలం ఎల్లిపోయేసరికి ఆఖరి డేగిశ సుత వాళ్లింటికి పోయింది, మన పైసలు పాల పైసలతోని సహా వచ్చినయి. కని నేను చాన రోజులు, గల్లీల ఎవడన్న గట్టిగ పిలిస్తె చాలు, ఉలిక్కిపడుతుంటి.

మీకిప్పుడు ఫోన్ల కొట్టిన పైసలకు ఫోన్లనే సాక్ష్యముంటదంట, కంజ్యూమర్ కోర్టంట. పెట్టు, మంచిగ కేసు పెట్టు. మందిని మాత్రం తీస్కపోవద్దు. గా మందిల తెల్వనోడు ఒకడుంటడు బిడ్డా.

గా డెకరేషన్ ఆయనకు తల్లి ఉన్నదా? కనుక్కో. నేనొస్త. నా చెప్పులు ఇటు జరుపు. నీ పెండ్లి సల్లగ అయితది, నువ్వు నిండుగ ఉంటవు, నా మాట ఇను.

రాకేష్‌గాడు మీది అర్రలనే ఉన్నడు గదా? మరి గాడ బండి లేదేంది? ఎప్పుడు పోయిండు? ఫోన్ చెయ్యి.

ఎత్తుతలేడా?

మళ్ల చెయ్యి బిడ్డా. జర మళ్ల...