చేపలకి గ్రహణం పట్టదు

విజయవాడ నుంచి పామర్రు వెళ్లే బస్సులో తల్లి శాంతకుమారి, పీహెచ్‌డీ చేస్తున్న కూతురు శాంభవి.

“అయితే ఐదేళ్లూ చేపలతోనేనా?”

“చేపలతోనేనమ్మా. గోరంత చేపలు. మొన్న బాబాయి ఫోన్ చేశాడు. చెరువులో రొయ్యలకి తెల్లమచ్చలొచ్చాయి, ఏం మందు వెయ్యాలీ అని. తెలీదన్నా. మరి ఏం చదువుతున్నావే అన్నాడు. అదీ సరిగ్గా చెప్పలేకపోయా.”

“పోనీ నాకు చెప్పు.”

“గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు మొహం రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. ఆ అతికించే జీన్ ఏదో వెతకాలి. మూడేళ్లు నేను పీకిన జీన్‌కీ దానికీ సంబంధమే లేదు. చేపలు శుభ్రంగా తిని బలిశాయి. చిక్కింది నేనే.”

“తర్వాత?”

“నాలుగో ఏడు ఇంకోటి తీసేశా. పిల్లచేపలకి అంగిలి చీలిపోయింది. ల్యాబ్‌లో గంతులేశా. చేపలకి మొర్రి వచ్చిందని సంబరపడ్డ మొర్రిదాన్ని లోకంలో నేనొక్కదాన్నే.”

“ఆ మాట అనకు.”

“నా పెదవి, నా కుట్లు, నా ఇష్టం. అమ్మా, ఇవాళ నానమ్మకి చెప్పేస్తా.”

“ఏమని?”

“ఇది గ్రహణం వల్ల రాలేదని. నేను కడుపులో ఉండగా గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చున్నావని పాతికేళ్లుగా నిన్ను సాధిస్తోంది కదా! మా చేపల గదికి కిటికీయే లేదు. వాటికి సూర్యుడే తెలీదు, ఇంక గ్రహణమేంటి?”

“నెమ్మదిగా. బస్సంతా వింటోంది.”

“విననీ. నీ తప్పు లేదని చెప్పడానికేగా ఇన్నాళ్లూ... అంటే, థీసిస్‌లో అలా రాయలేదనుకో. మా గైడ్ గారు కొట్టేస్తారు.”

“వద్దు శాంభవీ.”

“వద్దేంటి? నువ్వు కత్తిపీట ముట్టినా ముట్టకపోయినా...”

“ముట్టలేదు.”

“ఏంటీ?”

“ముట్టలేదే. ఆ పూటంతా మంచమే దిగలేదు.”

“మరి నానమ్మతో ఎవరు...”

“నేనే చెప్పా, ముట్టానని.”

“ఎందుకమ్మా?”

“నా తర్వాత మా అమ్మకో మగపిల్లాడు పుట్టాడు. నీకెవరూ చెప్పలేదు. వాడి పెదవీ ఇంతే. పాలు తాగలేక పదకొండో రోజున పోయాడు. మా రక్తంలోనే ఉందంటే, రేపు నీ పిల్లలకీ వస్తుందని నిన్నంటారే. గ్రహణమైతే నన్నొక్కదాన్నే అంటారు.”