యలమందయ్య సెగ్గడ్డ మీద తగువు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గోవిందమ్మ. ఇంకెవరన్నా మేమే చెప్పామంటే నమ్మబాకండి. రావులకొల్లులో యలమందయ్య అని పెద్దమనిషి ఉండేవాడంట. ఊళ్లో తగువేదైనా ఆయన అరుగు ముందే తేలాల. ఆ ఊరి కట్టుబాటేందంటే, పెద్ద కూచోందే ఎవరూ కూచోకూడదు. ఏమైందంటే, ఒక ఎండాకాలం ఆయనకి గజ్జల్లో, అదే, పంచె కిందే అనుకో, సెగ్గడ్డ లేచింది. నవ్వేవాళ్లు నవ్వండి, మీకూ లేస్తది. కూచోలేడు, చెప్పుకోలేడు. ఆ పూట అన్నదమ్ముల పొలం గట్టు తగువొచ్చింది. పెద్ద నిలబడే ఉన్నాడు, ఊరంతా నిలబడింది. ముసలోళ్లూ నిలబడ్డారు, చంకన పిల్లల్నేసుకున్న తల్లులూ నిలబడ్డారు. పెద్దకి ఎంత కోపమొచ్చిందోనని అన్నదమ్ములు బెదిరిపోయి, గట్టు నువ్వే ఉంచుకో అన్నా, కాదు నువ్వే ఉంచుకో తమ్ముడా అనుకుంటా ఇంటికి పోయారంట. ఇంక అప్పట్నించి యలమందయ్య నిలబడితే చాలు, తగువు తీరినట్టేనని పేరొచ్చింది. పేరూ పెరిగింది, గడ్డా పెరిగింది.

పెళ్లాం నాంచారమ్మ కనిపెట్టింది. నడక చూస్తే తెలవదా? వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టుకో, నొక్కబాకయ్యా, చిన్నదైతే అదే పగిలి పోద్దంది. ఈయన వింటాడా, తుమ్మముల్లుతో గుచ్చి పిండాడు. గడ్డ నిమ్మకాయంతయింది, ఎరుపు తొడ మీదకి పాకింది, చలిజొరం పట్టుకుంది. ఆసుపత్రికి పోదామంటే, "పంచె విప్పి చూపించినోడు ఈ ఊళ్లో మళ్లీ తీర్పు చెప్పేదెట్టా? చస్తే చస్తా" అన్నాడంట.

నాంచారమ్మ పొద్దున్నే అరుగు ముందుకొచ్చి ఊరందరి ఎదట తగువు పెట్టింది. "పెద్దయ్యా, మా ఇంట్లో ఒకాయనున్నాడు. ఒంట్లో చీముగడ్డ, పైన జొరం. చూపించుకోమంటే సిగ్గంటాడు. నా తాళికి జవాబెవరు?" నిలబడ్డోళ్లందరికీ కాళ్లు పీకుతున్నాయి. ఒక ముసలామె, "తొందరగా తేల్చు నాయనా, కూచోవాల" అంది. ఏం చెప్తాడు? "అట్టాంటోణ్ణి బండిమీదేసి ఆసుపత్రికి తోలాల్సిందే" అన్నాడంట. "తీర్పయింది, ఎక్కించండి" అంది నాంచారమ్మ. కాళ్లు ఎడంగా పెట్టి బండిలో పడుకోబెట్టారు. పెద్ద పడుకున్నాడు గదా, మనమూ పడుకోవాలా అని ఒకడడిగాడంట.

డాక్టరు గడ్డ కోసి చీము తీసి, మందులిచ్చి, నాంచారమ్మనే మెచ్చుకున్నాడు. "జొరమొచ్చినా, ఎరుపు పాకినా ఆగకూడదమ్మా. చీము నెత్తురుకెక్కితే మనిషే దక్కడు. గడ్డలు మాటిమాటికీ లేస్తుంటే షుగరు కూడా చూపించుకోండి" అన్నాడు. తగ్గాక యలమందయ్య వచ్చి అరుగు మీద చతికిలబడితే, ఊరంతా అమ్మయ్య అని కూలబడిందంట.

అదీ జరిగింది. మా బడిపంతులు సీతాపతి లేడూ, నేనొస్తే కుర్చీలోంచి లేవనోడు, ఆయన ఊరి చరిత్ర అని పుస్తకమేసి, గడ్డ మోచేతికి లేచిందని రాశాడు. మోచేతికి లేస్తే మనిషి కూచోలేడా? నాంచారమ్మ పేరే లేదు అందులో. రాసుకునే అబ్బాయ్, నువ్వన్నా సరిచెయ్యి. గజ్జల్లో అని రాయి. తగువు గెలిచింది నాంచారమ్మ అని రాయి.