దేవుడి అల్మరాలో సింహం

ఏందీ, దేవుడి అల్మరాలో ఆ గొర్రెబొమ్మ ఏందంటావా? గొర్రె కాదయ్యా, సింహం! జూలు చూడు, సరిగ్గా చూడు. ...సరేలే, నాక్కూడా గొర్రెలాగే ఉంటది. మీ అంకుల్ ముందు మాత్రం అనమాక. కూర్చో, అన్నం ఉడికేలోపు చెప్తా.

మేం దేశం దాటి అమ్మాయి దగ్గరికి, ఈ హెండర్సన్ ఊరికి వచ్చిన రెండో ఏడు... కాదు, మూడో ఏడే, మనవడు బళ్ళో చేరాడప్పటికి. ఆ ఏడు ఆవకాయ పెట్టా. ఫిజీ వాళ్ళ కొట్లో మామిడికాయలు, కాయ ఒక్కోటీ మా తెనాలి లెక్కన చూస్తే... ఎందుకులే, చెప్తే నీకు ముద్ద దిగదు. మీ అంకుల్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కెవ్వున అరిచి, పోయి పంపు కింద నోరు పెట్టాడు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటా మజ్జిగన్నం తినే మనిషి! "మండుతుందే" అంటాడు. ఇక రోజూ పెరుగు, అరటిపండు. నాకు ఒళ్ళు మండింది. ఏమయ్యా, నా చేతివంట చేదయిందా, ఈ దేశపోళ్ళ, ఈ కివీల చప్పిడి తిండి మరిగావా అని పొద్దస్తమానం దులిపేదాన్ని.

ఈలోగా ఈయన ముంజేతుల మీద దద్దుర్లు. వంకాయ రంగులో, చదునుగా, మెరుస్తా. గోకుడే గోకుడు. చూడగానే నేను తేల్చేశా, ఇది అక్కి అని. నీకు తెలవదా? ఒంటి మీద పొక్కులు లేచి మంటపెడితే మా ఊళ్ళో అక్కి అనేవాళ్ళు. దానికి కుమ్మరి ఎర్రమన్ను పూసి, మీద సింహం బొమ్మ గీయాలి. సింహాన్ని చూసి అక్కి పారిపోద్ది. చిన్నప్పుడు నా నడుముకి గీస్తే తగ్గింది. దానంతటదే తగ్గేదేనని డాక్టరు అన్నాడనుకో, అది వేరే సంగతి.

అమ్మాయి డాక్టరు దగ్గరికి పోదామంటే ఈయన వస్తేగా! ఇక్కడి డాక్టర్లు సూది వెయ్యరని అలక. మా ఊళ్ళో ఆర్ఎంపీ ఉండేవాడు. జ్వరమంటే సూది, నీరసమంటే సూది. ఊరంతటికీ ఒకటే గాజు సిరంజి, గిన్నెలో కాసిని వేణ్ణీళ్ళు. తుమ్మొచ్చినా ఈయన పోయి చెయ్యి చాపేవాడు. ఆ సూది గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తా దానికాడికి.

మరి ఈ దేశంలో కుమ్మరిని ఎక్కణ్ణించి తెచ్చేది? పక్కింటి మార్గరెట్ గ్యారేజీలో కుమ్మరి సారె పెట్టుకుని కప్పులు, కూజాలు చేసుద్ది. ఈయన్ని లాక్కుపోయా. నా ఇంగ్లీషు నీకు తెలుసుగా. "హజ్బెండ్. హ్యాండ్. లయన్. ప్లీజ్." ఆమె నన్ను చూసి, ఈయన్ని చూసి, ఇంకేం అడక్కుండా ఎర్రమన్ను కలిపింది, మహాతల్లి. పూసింది, గీసింది. ఏం గీసిందీ? గొర్రె! ఈ దేశంలో సింహాలెక్కడ చచ్చాయి, వాళ్ళ చెయ్యి తిరిగింది గొర్రెలకే. "గొర్రెని చూసి అక్కి పారిపోద్దటే?" అంటాడీయన. నోర్మూసుకుని ఆరనియ్ అన్నా.

సాయంత్రం అమ్మాయి ఆఫీసు నుంచొచ్చి, చేతులనిండా ఎర్రగా చూసి నెత్తురనుకుంది. చెప్పులన్నా వేసుకోనియ్యకుండా కార్లో కూలేసి తీసుకుపోయింది. డాక్టరు చిన్నపిల్లే, గొర్రెని చూసి నవ్వు ఆపుకోలేక, తడిగుడ్డతో తుడిచి దద్దుర్లు చూస్తుంది. నేను ఊరుకుంటానా? ఇదొక్కటే కాదమ్మా, నెలల తరబడి నా ఆవకాయ ముట్టట్లా, నువ్వన్నా బుద్ధి చెప్పు అన్నా. అమ్మాయి సిగ్గుతో చస్తానే ఇంగ్లీషులో చెప్పింది. అంతే, ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. నోరు తెరవమని లైటేసి, నన్నూ చూడమంది. బుగ్గల లోపల తెల్లగా, లేసు అల్లినట్టు గీతలు. ఆ నోటితో కారం ఎట్టా తింటాడయ్యా! నాకు ఏడుపొచ్చింది.

నెత్తురు పరీక్ష చేస్తే హెపటైటిస్ సి అంట. లివర్లో ఏళ్ళ తరబడి కూర్చున్న వైరస్సు, కొంతమందికి ఇట్టా చర్మం మీదా నోట్లోనూ బయటపడుద్దంట. ఆ గాజు సిరంజి నుంచే అయ్యుండొచ్చన్నారు. వదిలేస్తే లివర్ని తినేసేదంట. పెళ్ళైన కాడ్నించీ పోట్లాడుతున్న మనిషి, ఆయన లేకపోతే నేనెవరితో పోట్లాడేది?

మా అదృష్టం, కొత్త మాత్రలు అప్పుడే వచ్చినయ్. సూది లేదా అని సణుగుతానే మింగాడు. వైరస్సు పోయింది. దద్దుర్లు అణిగాయి. నోరు మాత్రం, పూతమందు రాస్తానే ఉన్నా, కారం తగిలితే ఇప్పటికీ మంటే. సంగతి తెలిసి మార్గరెట్ ఈ బొమ్మ చేసి, కాల్చి తెచ్చింది. ఈసారి సింహం బాగా కుదిరిందంది పాపం. తన ప్రాణం కాపాడింది సింహమేనని మీ అంకుల్ వాదన, గొర్రె కాపాడిందంటే పరువు పోద్దంట. ఏదైతేనేం, ఆ మన్ను పుయ్యకపోతే ఆయన డాక్టరు గడప తొక్కేవాడా? నువ్వే చెప్పు.

అన్నం అయింది, రా. ఇదిగో, ఆవకాయ. ఏందట్టా చూస్తావ్? అవును, ఎర్రగా లేదు. కాయ, ఉప్పు, నూనె, ఆవపిండి పేరుకి. తెనాలి ఆడదాన్ని కారం లేకుండా ఆవకాయ పెట్టానంటే మా చెల్లెలు ఫోన్ పెట్టేసింది. పెట్టేస్తే పెట్టేసింది. ఆయన ముద్ద మీద ముద్ద తింటుంటే నాకు కడుపు నిండుద్ది.

నువ్వు కూడా చిన్నప్పుడు ఊళ్ళో సూదులేయించుకున్నావా? అయితే రేపే పోయి నెత్తురు చూపించుకో. నూరేళ్ళూ కారం తింటా చల్లగా ఉండు నాయనా. ఆయన్ని కేకెయ్యి, అన్నానికి. సింహం అనాలి, మర్చిపోమాక...