కొట్టని దెబ్బలు

సభాధ్యక్షులు బాల్‌రాజ్ గారికి, వేదిక మీది పెద్దలకు, సూది పడుతుందన్న భయం లేకుండా మొదటిసారి డాక్టరమ్మ ఎదుట కూర్చున్న తాండూరు మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

రేపటి నుంచి మన డాక్టరమ్మ జమాలున్నీసా గారు కొలువు చాలించి వికారాబాద్‌లో తమ్ముడి ఇంట విశ్రాంతిగా ఉంటారట. ఆమెను విశ్రాంతిగా నేనెన్నడూ చూడలేదు కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు.

నేను బడిపంతుల్ని, అందులోనూ బెత్తం పట్టనివాణ్ణి. 'తోలు మీది, బొక్కలు మావి' అని, అంటే ఎముకలు మిగిలితే చాలు ఎంతైనా కొట్టండని, పిల్లల్ని బడికి అప్పజెప్పే చోట నాలాంటి పంతులుకు ఎంత మర్యాద దక్కుతుందో మీకు తెలుసు. 1978లో ఒకరోజు బండల గనిలో పనిచేసే మన నజీర్ భాయ్, అదిగో మూడో వరుసలో ఉన్నాడు, బడికొచ్చి వంగి సలాం చేశాడు.

"ఇన్నాళ్లకు మీరు గూడ కొట్టిన్రు సార్. మా షాహజాది కాళ్లు చూసి మస్తు ఖుషీ అయిన."

నేను కొట్టలేదంటే మొహమాటమనుకున్నాడు. ఇంటికి వెళ్లి చూద్దును కదా, ఏడేళ్ల పిల్ల కాళ్ల నిండా ఎర్రవి, ఊదారంగువి మచ్చలు, వాచిన చీలమండలు, కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉంది. ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

ఆమె దెబ్బల మాటే ఎత్తకుండా, "ఈ నడుమ జలుబు, జ్వరం గిట్ల వచ్చిందా?" అని అడిగారు. వచ్చి తగ్గిందన్నాడు నజీర్. వైరస్ పోయినా, దానితో పోరాడిన ఒళ్లు ఒక్కోసారి ఊరుకోక సొంత రక్తనాళాలనే వాపెక్కిస్తుందని, చర్మం కింద రక్తం ఊరి ఈ మచ్చలు వస్తాయని, చాలామంది పిల్లలకు తగ్గిపోతుంది గానీ పేగుల మీద, కిడ్నీల మీద ఓ కన్నేసి ఉంచాలని చెప్పి, పిల్లను ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. మర్నాడు మంచం మీద ఉండగానే కొత్త మచ్చలు లేచాయి. నజీర్‌ను పిలిచి చూపించారు.

"మరి గివి ఎవరు కొట్టిన్రు నజీర్?"

"నా బిడ్డ నొప్పి నొప్పి అని ఏడుస్తుంటే, చదువొస్తున్నది అనుకున్న డాక్టరమ్మా" అన్నాడు. (విరామం)

తల దించుకోకు నజీర్ భాయ్. ఈ హాల్లో చాలామంది అట్లా అనుకున్నవాళ్లే.

పిల్ల కోలుకున్నాక కూడా నెలల తరబడి మూత్రం పరీక్షకు పిలిపించారు. ఇక అప్పటి నుంచి షాహజాది కాస్త ముఖం చిట్లించినా చాలు, నజీర్ పనొదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. ఓసారి నాకే సిగ్గేసి, "ఊరికే పరేషాన్ చేస్తున్నాడమ్మా" అన్నాను. డాక్టరమ్మ నా వైపు చూడకుండా అతనితో అన్నారు: "ఏడిస్తే తోల్కరా. ఏం లేదని చెప్పుడు నా పని."

అమ్మా, ఆ ఒక్క మాటకు ఈ ఊరి పిల్లలందరి తరఫున దండం పెడుతున్నాను. సెలవు.