రెండో వరసలో అడిగిన ప్రశ్న

కూర్చోమని అనకండి మాస్టారూ, కూర్చుంటే మళ్ళీ మీ శిష్యురాలినైపోతాను. నిలబడే చెప్తాను. తలుపు వేయక్కర్లేదు, నేనేం అరవడానికి రాలేదు. మీరు పిలిస్తేనే వచ్చాను.

ఏమన్నారు, మనసులో పెట్టుకోవద్దా? మరెక్కడ పెట్టుకోమంటారు చెప్పండి.

సరే, జరిగింది జరిగినట్టే చెప్పుకుందాం. మన చిన్నవాడు, అదే, మీ ఆఖరి శిష్యుడు, పొద్దున సెమినార్‌లో బోర్డు నిండా రాసుకుంటూ పోతున్నాడు. నేనూ మీ దగ్గరే చదివినదాన్ని కదా, అందుకని నన్ను అక్కా అంటాడు. ఇంటికొచ్చినప్పుడు అంటే ముచ్చటే. హాలు నిండా ఉన్న జనాన్ని సార్ సార్ అంటూ నన్నొక్కదాన్నే అక్కా అంటే, అది గౌరవమో మరేమిటో మీరే చెప్పాలి.

వాడి ప్రూఫ్ మెట్టు మీద మెట్టు ఎక్కుతోంది. ఒక్కో మెట్టులో కాస్త తేడా మిగులుతుంది, అది సి అనే సంఖ్యని దాటదు అన్నాడు. బాగానే ఉంది. రెండో మెట్టులో ఆ సంఖ్య రెట్టింపయింది. అయినా సి అనే రాశాడు. మూడో మెట్టులో మళ్ళీ రెట్టింపు, మళ్ళీ సి. మన లెక్కలవాళ్ళందరికీ ఉన్న జబ్బే కదా, సంఖ్య మారినా అక్షరం మార్చకపోవడం. నాలుగు మెట్లయితే ఎవరికీ నష్టం లేదు. వాడివి లెక్కలేనన్ని. పైకెళ్ళేసరికి ఆ కాస్త తేడా కొండంతై కూర్చుంటుంది, ప్రూఫ్ మొత్తం పోతుంది.

నేను చెయ్యెత్తాను. ఎత్తానా లేదా? మీ వెనక కుర్చీలోనే ఉన్నాను కదా. "ఆ సి ప్రతి మెట్టులోనూ ఒకటేనా?" అని అడిగాను. వాడు ఇటు తిరగనైనా తిరగకుండా "అది టీ దగ్గర చూద్దాం అక్కా" అన్నాడు. ఎవరో నవ్వారు కూడా.

టీ దగ్గర చూద్దాం అంటే ఏమిటో మనిద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళలో టీ దగ్గర చూసిన ప్రశ్న ఒక్కటి చెప్పండి. అక్కడ బిస్కెట్లు చూస్తారు, ఎవరికి ఎక్కడ ఉద్యోగం వచ్చిందో చూస్తారు.

అప్పుడు ముందుకు వంగి మీ చెవిలో చెప్పాను. సంఖ్య రెట్టింపవుతోంది మాస్టారూ, బోర్డు మీద మూడో వరస చూడండి అని. మీరు తల పంకించారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. కాసేపటికి గొంతు సవరించుకుని, "బాబూ, ఆ సి ప్రతి మెట్టులోనూ ఒకటేనా?" అన్నారు. అచ్చం నా మాటలే. వాడి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. హాలంతా చప్పుడు లేదు. మీతో టీ దగ్గర చూద్దాం అనలేదే మరి?

ఆ చప్పుడు లేనప్పుడే మీరు ఒక్క మాట అనాల్సింది. ఇది ఆవిడ అడిగిందే అని. ఎంతసేపు పడుతుంది చెప్పండి? సిగ్గు విడిచి చెప్తున్నాను, మీ మెడ వెనకభాగం చూస్తూ ఆ మాట కోసం ఎదురుచూశాను. మీరు కాళ్ళు చాపుకున్నారు, అంతే.

టీ దగ్గర అందరూ మీ చుట్టూనే. ఈ వయసులో కూడా ఏం చూపండీ అంటున్నారు. నేను కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. డీన్‌గారు అటుగా వచ్చి, "మీరు కూడా అప్పుడప్పుడూ ఏదైనా అడుగుతూ ఉండాలమ్మా" అని సలహా ఇచ్చి వెళ్ళారు. నవ్వాలో ఏడవాలో తెలీక ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.

ఎల్లుండి కమిటీలో కూర్చునేది ఆయనే కదా. మీరూ కూర్చుంటారు. ఏడాదికోసారి పొడిగించే ఈ ఉద్యోగం పర్మనెంట్ చేస్తారో, నన్ను ఇంటికి పంపిస్తారో తేల్చేది మీరంతా కలిసే. పోయినసారి ఏమన్నారో గుర్తుందా? పని మంచిదే గానీ సెమినార్లలో నోరు విప్పదు అన్నారు. విప్పాను కదండీ. విప్పితే ఏమైందో చూశారు.

ఏమిటీ, కమిటీలో చెప్తారా, ఆ ప్రశ్న నాదని? ఊరుకోండి మాస్టారూ. హాల్లో పెదవి దాటని మాట తలుపులేసుకున్నాక దాటుతుందా? దాటినా ఏమనుకుంటారు, పెద్దాయన శిష్యురాలిని వెనకేసుకొస్తున్నారు అనుకుంటారు. దానివల్ల కూడా మీ పేరే పెరుగుతుంది.

అయినా మీరు నన్ను పిలిచింది అందుకు కాదులెండి. మధ్యాహ్నం వాడు ఈ గదిలోంచి బయటికి వెళ్ళడం చూశాను. ప్రూఫ్‌లో పడ్డ ఆ కన్నం ఎలా పూడ్చాలో వాడికీ తోచలేదు, మీకూ తోచలేదు. తుడిచి తుడిచి రాసిందంతా బోర్డు మీద కనిపిస్తూనే ఉంది. మీరిద్దరూ కలిసి పేపర్ వేద్దామనుకుంటున్నారు, అవునా? తల దించుకోకండి. మీరు తల దించుకుంటే నాకే బాధగా ఉంటుంది.

నాకు తోచింది. కప్పు పట్టుకుని నిలబడ్డప్పుడే తోచింది. చెప్పకూడదని గట్టిగా అనుకునే వచ్చాను. నా పేరుతో నేనే వేసుకుంటాను, వీళ్ళ మొహాలు అప్పుడు చూస్తాను అనుకున్నాను.

కానీ ఈ బోర్డు చూడండి. మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కడం మొదలుపెట్టారు. ఇలా వెళ్తే ఏడాది గడిచినా తేలదు. తప్పు లెక్క కళ్ళముందు ఉంటే నాకు తిండి సహించదని మీకు తెలుసు, చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నారు. తెలిసే పిలిచారు. తెలిసే తుడవకుండా ఉంచారు.

సరే, ఇటివ్వండి ఆ సుద్దముక్క. కింది నుంచి ఎక్కకూడదు. ఈ మెట్ల వరస మొత్తాన్ని సగానికి చీల్చాలి, ఒక్కో సగాన్నీ మళ్ళీ సగానికి. అలా చీల్చుకుంటూ పోతే ఎక్కాల్సిన మెట్లు కొన్నే మిగులుతాయి. అప్పుడు రెట్టింపయినా భరించగలం.

రాసుకోండి మాస్టారూ. ఇది నేను చెప్పానని మీరెవరికీ చెప్పరు. నేనూ చెప్పను. చెప్పినా నమ్మేదెవరు?