ఈశాన్యం మూల రాళ్ళు

శనివారం పొద్దున, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఓ ఇంటి వెనక పెరడు. తులసికోట ముందు పన్నెండేళ్ళ నైనిక, చేతిలో గునపం. మెట్ల మీద తండ్రి ఫణికుమార్, చేతిలో కారు తాళం.

“ముందా గునపం కింద పెట్టు.”

“పెట్టను.”

“నైనీ, నాకు టైమ్ లేదు. పదింటికి కాలనీ అసోసియేషన్ మీటింగ్. కింద పెట్టు.”

“మీటింగ్‌లో ఏం చెప్తావ్?”

“అది పెద్దవాళ్ళ విషయం.”

“వెనక అడవిలో సమాధులు లేవని చెప్తావ్. చెట్లు కొట్టేసి టెన్నిస్ కోర్టులు వేసుకోవచ్చని చెప్తావ్. గ్రెగ్ నీతో ఫోన్‌లో అంటుంటే విన్నాను. ‘ఫిల్, నువ్వు చెప్తే ఎవరూ నోరెత్తలేరు’ అన్నాడు. నీ పేరు ఫిల్ ఆ?”

“ఫణికుమార్ అంటే వాళ్ళకి నోరు తిరగదు. అయితే ఏంటి? అసోసియేషన్ ప్రెసిడెంట్ అంతటివాడు పిలిచి మాట్లాడమన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ కాలనీలో ఉన్నాం, ఇప్పటికి నన్నో మనిషిగా లెక్కేశారు.”

“తెల్లవాడు చెప్తే బాగోదని బ్రౌన్ వాడితో చెప్పిస్తున్నాడు. అది లెక్కెయ్యడమా?”

“ఈ మాటలెవరు నేర్పారు నీకు? స్కూల్లో ఇవేనా చెప్పేది?”

“స్కూల్లో ఏమీ చెప్పట్లేదు నాన్నా! అదే నా గొడవ. ఫీల్డ్ ట్రిప్ అని ఆ పెద్ద బంగళాకి తీసుకెళ్ళారు కదా. షాండ్లియర్ చూపించారు. పియానో చూపించారు. వాళ్ళ పిల్లలు ఆడుకున్న బొమ్మలు చూపించారు. ఇదంతా ఎవరు కట్టారు అంటే గైడ్ ‘వర్కర్స్’ అంది. వర్కర్స్‌కి జీతం ఇచ్చారా అని నా ఫ్రెండ్ ఇమానీ అడిగింది. టీచర్ వచ్చి దాని భుజం మీద చెయ్యేసి, ఇవాళ ఫన్ డే, ఫ్రెండ్స్‌ని బాధపెట్టే ప్రశ్నలొద్దు అంది.”

“మంచి మాటే కదా. పిల్లలు బాధపడకూడదు.”

“ఏ పిల్లలు?”

“ఏ పిల్లలేంటి? అందరూ.”

“ఇమానీ బస్సులో ఏడ్చింది. టీచర్ అటు తిరిగి కూడా చూడలేదు. హంటర్ మొహం మాడకూడదు, అంతే ఆవిడకి కావల్సింది. ఆ బంగళా వాడి ముత్తాతలది. మా స్కూల్ ముందు రోడ్డుకి వాళ్ళ పేరే.”

“వాడేం చేశాడే? మంచి పిల్లాడు. నిన్ను బర్త్‌డేకి పిలిచాడు, ఆ బంగళా లాన్‌లో. అందరినీ పిలుస్తారా అలా?”

“ఇమానీని పిలవలేదు.”

“అదే నేను చెప్తున్నా.”

“నేనూ అదే చెప్తున్నా.”

“నైనీ, వాదించకు. గునపం ఇలా ఇవ్వు.”

“ఆగు. క్లాసులో ఫ్యామిలీ ట్రీ వేయించారు, గుర్తుందా?”

“గుర్తులేకపోవడమేంటి? దగ్గర కూచుని రాయించింది నేను. ఏడు తరాలు, గోత్రం, ఋషులతో సహా. మీ టీచర్ గోడకి కూడా పెట్టింది.”

“హంటర్‌ది పక్కన పెట్టింది. వాడివి పన్నెండు తరాలు. మీ ఇద్దరూ ఎంత లక్కీ అంది. ఇమానీది వాళ్ళ గ్రాండ్‌మా గ్రాండ్‌మా దగ్గర ఆగిపోయింది. పైన ఖాళీ. ‘ఇంకొంచెం కష్టపడాల్సింది’ అని మార్కులు తగ్గించింది.”

“పాపం. దానికి మనమేం చేస్తాం?”

“ఆ ఖాళీలో ఉండాల్సినవాళ్ళు ఈ అడవిలో ఉన్నారు నాన్నా. గుర్తుగా ఈ రాళ్ళు ఉండేవి. నువ్వు పీక్కొచ్చి ఈశాన్యం మూల తులసికోట కట్టావ్.”

“మెల్లగా! పక్కింటివాళ్ళు డెక్ మీదున్నారు. అవి మామూలు అడవి రాళ్ళు. వాటి మీద పేరుందా? తేదీ ఉందా?”

“పేరెలా చెక్కుకుంటారు? బానిసలు అక్షరం నేర్చుకుంటే కొరడాతో కొట్టేవాళ్ళు. రాయి నిలబెట్టుకోవడం ఒక్కటే చేతనైంది వాళ్ళకి. మామూలు రాళ్ళు వరసగా నిలబడి ఉంటాయా? నీకు డౌటే రాలేదా?”

“ఏం డౌటు? సగం భూమిలో కూరుకుపోయి ఉన్నాయి. లోతుగా తవ్వితే గానీ ఊడిరాలేదు. నా నడుం పడిపోయింది. డౌటు గురించి ఆలోచిస్తానా?”

“ఇమానీ వాళ్ళ గ్రాండ్‌మా చిన్నప్పుడు అక్కడికి పూలు తెచ్చేదట. తర్వాత కంచె వేశారు, రానివ్వలేదు. ఇవాళ మీటింగ్‌కి ఆవిడ వస్తోంది. కర్ర పట్టుకుని నడుస్తుంది నాన్నా. రాళ్ళు తీసేశారని ఆవిడకింకా తెలీదు, అందరినీ అడవిలోకి తీసుకెళ్ళి చూపిస్తానంటోంది. వెళ్తే ఏం ఉంటాయి? గుంటలు. నువ్వేమో లేచి, ‘నేను చూశాను, అక్కడేం లేవు’ అంటావ్. నిజమే. లేకుండా చేసింది నువ్వే.”

“విను. ఇది మన దేశం కాదు. ఇదే తప్పు గ్రెగ్ చేస్తే పొరపాటంటారు, పోనీలే అంటారు. నేను చేస్తే ఇండియన్స్ అందరూ ఇంతే అంటారు. రేపు పేపర్లో నా ఫోటో పడుతుంది, వాడిది పడదు. తెలుసా నీకు?”

“తెలుసు. నీకూ తెలుసు. వాళ్ళకి మాత్రమే అన్నీ చెల్లుతాయని తెలిసి కూడా, వెళ్ళి వాళ్ళ పక్కనే నిలబడతావ్.”

“మరెవరి పక్కన నిలబడమంటావ్?”

“ఏమిట్రా పొద్దున్నే అరుపులు? నైనీ, తులసమ్మ దగ్గర గునపమేమిటే? అయ్యయ్యో, అంచు ఊడగొట్టావా?”

“అమ్మా, నువ్వు లోపలికెళ్ళు.”

“ఎందుకెళ్ళాలిరా? దీపం పెట్టుకోవాలి నేను.”

“బామ్మా, నువ్వు రోజూ పసుపు రాసి బొట్టు పెడుతున్నావే, ఇవి సమాధి రాళ్ళు.”

“శివ శివ! ఎవరివే?”

“నల్లవాళ్ళవి. ఇక్కడ బానిసలుగా ఉన్నవాళ్ళవి.”

“ఫణీ, నిజమేనట్రా?”

“స్కూల్లో ఎవరో ఏదో అన్నారమ్మా, అది పట్టుకుని...”

“రోజూ వీటి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నానురా! తీసి పారెయ్యి. ఇప్పుడే పారెయ్యి. నేను తలస్నానం చెయ్యాలి.”

“స్నానమెందుకు బామ్మా?”

“మైల కాదుటే? శవాన్ని తాకినా, ఎముక ముట్టుకున్నా ఇంట్లో అడుగుపెట్టకూడదు. బయటే, కట్టుబట్టలతో, నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. మగవాళ్ళయితే జంధ్యం కూడా మార్చుకోవాలి. రాళ్ళే అనుకో, అయినా నా మనసొప్పదు. పారేయించు ముందు.”

“పారెయ్యడం కాదు బామ్మా. ఎక్కడివి అక్కడ పెట్టాలి.”

“ఎక్కడో ఓ చోట పెట్టండి, నా కంటికి కనబడకుండా. పాపం అంటావా, దానికీ దారుంది. మొన్న మీ తాతయ్య తద్దినానికి మీ నాన్న నీళ్ళు వదిలాడు చూడు, ఆఖర్న దిక్కులేని వాళ్ళకి కూడా ఓ దోసెడు వదుల్తాం. అమ్మా, నాన్నా, చుట్టం ఎవరూ లేనివాళ్ళకి. వీళ్ళకీ చేరుతుందిలే.”

“వాళ్ళు దిక్కులేని వాళ్ళు కాదు! ఇమానీ ఉంది. వాళ్ళ గ్రాండ్‌మా ఉంది. పూలు తెచ్చుకుంటే రానివ్వలేదు. దిక్కులేని వాళ్ళని చేశారు. ఇప్పుడు మనమూ చేశాం.”

“మనం కాదు! తెల్లవాళ్ళు చేశారు. ఎప్పుడో. మనం నిన్న కాక మొన్న వచ్చినవాళ్ళం.”

“నిన్న కాక మొన్న వచ్చి రాళ్ళు కూడా మిగల్చలేదు.”

“నాకు తెలీదు నైనీ! తెలీక చేశాను. సమాధి అని తెలిస్తే ముట్టుకునేవాణ్ణా? మీ బామ్మకి పుట్టినవాణ్ణి, ఆమాత్రం భయం లేదా నాకు?”

“నిజంగా తెలీదా?”

“తెలీదన్నానా!”

“నాకు తెలుసు నాన్నా. నువ్వు తెలిసి చెయ్యవు. రాళ్ళు మనింట్లో ఉన్నాయని చెప్పగానే ఇమానీ నాతో మాట్లాడ్డం మానేసింది, మీ నాన్న దొంగ అంది. మా నాన్నకి తెలీదు, తెలిస్తే తనే తెచ్చి పెడతాడు అని చెప్పాను. నిన్న లంచ్‌లో దాని వెనకాలే తిరిగి తిరిగి చెప్పాను. సరే, మీటింగ్‌లో చూస్తా అంది.”

“ఆ పిల్లకి ఎందుకు చెప్పావే అసలు...”

“అది చాలు నాన్నా. ‘తెలీక తీశాను, ఇవిగో రాళ్ళు’ అని చెప్పు. గ్రాండ్‌మాకి సారీ చెప్పు. ఇంకేం వద్దు. నేను కూడా మోస్తాను. కార్లో పెడదాం.”

“చూద్దాం.”

“చూద్దాం కాదు. చెప్తావా?”

“నాకు తెలీదని నువ్వు నమ్మితే చాలు. మీటింగ్ సంగతి నేను చూసుకుంటా.”

“నమ్ముతాను. ఒట్టు వెయ్యి.”

“ఒట్టు.”

“అలా గాల్లో కాదు.”

“ఇదిగో, తులసమ్మ మీద చెయ్యేసి చెప్తున్నా, నాకేమీ...”

“చెయ్యి తియ్యరా!”

“ఏంటమ్మా?”

“తులసమ్మ మీంచి చెయ్యి తియ్యి. ఆ ఒట్టు వెయ్యకు.”

“బామ్మా, వెయ్యనీ.”

“ఉండవే. ఫణీ, ఉగాది ముందు కదూ ఈ రాళ్ళు తవ్వి తెచ్చింది? అప్పటికి ఆ మూల ఇంకా మంచు కూడా కరగలేదు.”

“అమ్మా, నాకు టైమైంది.”

“ఆ రోజు సాయంత్రం అడవిలోంచి వచ్చావు. వేణ్ణీళ్ళున్నాయి, లోపలికి రారా అన్నాను. గుమ్మం తొక్కలేదు. ఆ చెట్లకి పెట్టే పైపు నెత్తిన పెట్టుకుని, కట్టుబట్టలతో నిలబడ్డావు. గజగజా వణికావు. నేనడిగితే చెమట పట్టిందన్నావు. మంచులో!”

“బురద. బురదయింది, అందుకని...”

“బురదయితే కొత్త జంధ్యం ఎందుకడిగావురా? పాతది తెగిందన్నావు. ఆ మొక్క మొదట్లో పడేశావు, నేను చూశాను. ఒక్క పోగూ తెగలేదు, ముడి ముడిలాగే ఉంది.”

“నాన్నా?”

“కారు స్టార్ట్ చెయ్యాలి, తప్పుకోండి.”

“నాన్నా, బామ్మ ఏమంటోంది?”

“నిన్నే ఫణీ. ఆ గుంటలో నీ చేతికి ఏం తగిలిందిరా?”