గవరయ్య రొయ్యల కూర

గవరయ్యకి గరిటి సేతికొస్తే కళ్లు నెత్తికెక్కీసేవంట. ఆ సుట్టుపక్కల పెళ్లవనీ, సంబరమవనీ, పాతికేళ్లుగా వంట ఆడిదే. వొండడం వొచ్చు, అబద్ధమెందుకు. గానీ ఆ నోరుంది సూడండి! తిన్నోడు "బాగుంది" అంటే సాలదంట, "ఏటి బాగుంది? ఎలా బాగుంది?" అని నిలబెట్టి మరీ సెప్పించుకునీవోడు. అలాంటోడికి ఏమైందంటే, అమ్మోరి సంబరంలో రొయ్యలమ్ముకునే అసిరమ్మ ఓ సట్టెడు రొయ్యల కూర వొండి తెచ్చింది. ఆ కూర ముంచుకున్నోళ్లు గవరయ్య గుండిగల కాడికి మళ్లీ రానేదు. ఊరి నాయుడు యేళ్లు నాక్కుని, "మా పిల్ల పెళ్లికి రొయ్యలు ఈ అసిరమ్మే వొండాల" అన్నాడు. నలుగురిలో అనీసినాడు. గవరయ్యకి కడుపు రగిలిపోయింది. "అదెంత, దాని వంటెంత! ఆ కూర దానికన్నా బాగా వొండకపోతే ఇంక గరిటి పట్టను బాబూ" అని నాయుడి కాళ్లా యేళ్లా పడి పని తనే తీసుకున్నాడు.

తీసుకున్నాడు సరే, ఎలా వొండాలో తెలవొద్దూ? అడిగితే అసిరమ్మ సెప్పీసును. అడిగితే ఈడి పరువు పోద్దంట! అసిరమ్మ పెరట్లో తాటాకు కంచె ఎనకాల నక్కి సూస్తన్నాడు. ఆవిడ పండుమిరపకాయలు నిప్పుల మీద నల్లగా కాల్సి తొక్క ఒలిసింది. జీడిపిక్కలు పెనమ్మీద పోసి మాడ్సతంది. అంతలో కంచె కదిలింది. "ఎవురది? గవరయ్యన్నేటి? అక్కడెందుకు, లోపలికి రా, పీటేస్తాను, కూకుని సూడు. మిరపకాయ ఎవురైనా కాలుస్తారన్నా, ఈ జీడిపిక్క కాడే..." అంటంటే, "సాల్లే! నీ కాడ నేర్సుకునే గతి నాకింకా పట్టనేదు. మా మేక ఇటొచ్చిందేమోనని సూస్తన్నాను" అని మాట పూర్తవకుండానే ఎల్లిపోనాడు. మేకంట! ఆడింట్లో కోడిపిల్ల కూడా నేదు.

మీకు తెలుసు గదా జీడిపిక్క సంగతి. లోపలుండేది జీడిపప్పే గానీ, దాని పెంకులో నూనుంటాది, తగిలితే బొబ్బలే. మన ఆడోళ్లు బూడిద రాసుకుని పెంకు కొడతారు, పప్పు కడిగి, పొట్టు తీసి, అప్పుడు నూరతారు. గవరయ్య అదంతా సూస్తే గదా! పెళ్లినాడు పిక్కలు మాడ్సినాడు, సితక్కొట్టినాడు, పప్పూ పెంకు ముక్కలూ మిరపకాయలూ అన్నీ కలిపి రోట్లో నూరీసినాడు, నూనెలో ఏపి రొయ్యలు ఏసినాడు. రంగు మాత్రం పెళ్లికూతురి సీర లాగుందంట. "సూడండి, ఇదీ వంటంటే" అని అందర్నీ పిల్సి సూపించి, ముందు తనే నాలుగు గరిటెలు లాగించినాడు. మొదటి బంతిలో పెళ్లికొడుకు మేనమావలు కూకున్నారనుకోండి. రెండు ముద్దలు తిన్నారో నేదో, మూతులు మండి, వాసి, బూరెల్లాగైపోనాయి. "మమ్మల్ని సంపడానికి పిల్సినారేటి? మాకీ పిల్లొద్దు, లెగండ్రా!" అని ఆకుల మీంచి లేసిపోనారు. పీటల మీద పెళ్లికూతురు గొల్లుమంది. నాయుడు పరిగెట్టుకొచ్చి, "ఏటి కలిపినావురా?" అంటే, గవరయ్య మూతి అప్పటికే రెండింతలైపోయింది. "బిడబగాయ బాబూ, బిడబగాయ" అంటాడంట. అప్పుడు కూడా తప్పు మిరపకాయదే!

అసిరమ్మకి కబురెట్టినారు. వొచ్చి రోట్లోకి సూసి, "ఓలమ్మ, పెంకుతో నూరీసినావా అన్నా!" అంది. అందరి సేతా నోళ్లు కడిగించి, మూతులకి కొబ్బరినూనె రాసింది. గవరయ్యకీ రాసింది. మిగిలిన రొయ్యలు ఒలిసి, మళ్లీ మిరపకాయలు కాల్సి, పప్పు శుబ్బరంగా తీసి నూరి, అందరి కళ్లముందే వొండింది. "ఇప్పుడైనా సూడన్నా" అని పీటేసింది కూడా. గవరయ్య గోడేపు తిరిగి కూకున్నాడు. మేనమావలు వాసిన మూతుల్తోనే, కళ్లంట నీళ్లు కారతంటే, మూడు మాట్లు ఏయించుకుని తిన్నారు. పెళ్లి జరిగిపోయింది. గవరయ్యకేమో నోరు తెరుసుకోదు, వాసన మాత్రం ముక్కు కాడికొచ్చి కూకుంది. ఏడుపొచ్చింది ఆడికి. పాపం అనాలనిపిస్తాది, అనకండి.

ఎందుకంటే నెల తిరక్కుండా పక్కూరెళ్లి ఏటన్నాడంట తెలుసా? "అసిరమ్మకి ఆ రొయ్యల కూర నేర్పింది నానే." మూతి వాపు తగ్గడానికి నూనుంది బాబూ, మరి అలాంటి నోటికేటి రాస్తాం?